బాగా చదివావు అన్నందుకు చర్చి మానేసిన అమ్మాయి: పర్లాకిమిడి నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులో మొదట తప్పు చేసింది నేను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువవుతుంది.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి కాపరిని, అంటే పాస్టరుని. కౌన్సెలింగ్‌లో కొంత శిక్షణ తీసుకున్నాను. వారంలో మూడు రోజులు ఇళ్లు తిరుగుతాను. మా సంఘంలో సగం మంది ఈ ఊరి వాళ్లు, మిగతా సగం సరిహద్దు దాటి పాతపట్నం వైపు నుంచి వస్తారు. ఆరాధన తెలుగులో జరుగుతుంది. ఇంట్లో మాట్లాడేదీ తెలుగే, కాకపోతే శ్రీకాకుళం యాస. పిల్లలు మాత్రం బడిలో ఒడియా చదువుతారు. అందువల్ల మా సంఘంలో ఇరవై ఐదేళ్ల లోపు వాళ్లలో ఎక్కువమంది తెలుగు గలగలా మాట్లాడతారు గానీ అక్షరాలు చదవలేరు. పాటల పుస్తకం చేతిలో ఉంటుంది, పాట మాత్రం కంఠతా వచ్చింది పాడతారు. బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు. మాకు ఇది రోజువారీ వ్యవహారం.

ఈ అమ్మాయిని ఇక్కడ చదువరి అంటాను. వయసు 20. ప్లస్ త్రీ (డిగ్రీ) రెండో సంవత్సరం. తల్లి ఇంటి ముందు ఇడ్లీ, గారెలు వేసి అమ్ముతుంది. తండ్రి ట్రాలీ ఆటో నడుపుతాడు. రాసింది మొత్తం చదువరికి చదివి వినిపించాను, ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను.

జరిగింది

యువతను ముందుకు తేవాలన్న ఉత్సాహంతో వాక్యపఠనం వాళ్లకు అప్పగించడం మొదలుపెట్టాను. చదువరి వంతు వచ్చిన ఆదివారం బైబిల్లో యెషయా గ్రంథం 40వ అధ్యాయం నుంచి నాలుగు వచనాలు ఇచ్చాను. ఆమె ఒక నోట్‌బుక్ తెచ్చుకుని నిలబడింది. బైబిలు తెరిచి ఉంది గానీ చూపు నోట్‌బుక్ మీదే. "నీకు తెలియలేదా? నీబు బినలేదా?" అంది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ "నీబు" అనే వచ్చింది. మా సంఘ పెద్దల్లో తెలుగు పంతులుగా చేసి రిటైరైన మాష్టారు ఒకాయన ఉన్నారు. కూర్చున్నచోటి నుంచే గట్టిగా "నీవు! వినలేదా!" అని దిద్దారు. ఆ నాలుగు వచనాలు పూర్తయ్యేసరికి ఆమె చెవులు ఎర్రబడిపోయాయి.

నాకు జాలేసింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. మైకు అందుకుని, "ఎంత అద్భుతంగా చదివిందో చూశారా! ప్రభువు ఈ బిడ్డకు గొప్ప తలాంతు ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టండి" అన్నాను. కొట్టారు.

తర్వాత ఐదు ఆదివారాలు ఆమె రాలేదు.

మొదటి రెండు వారాలు పరీక్షలనుకున్నాను. మూడో వారం నా భార్య, "వాళ్లమ్మ కూడా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు" అంది. ఇద్దరం వెళ్లాం. తల్లి స్టూళ్లు వేసి, టీ ఇచ్చి, గుమ్మంలో నిలబడి అసలు సంగతి చెప్పింది.

"అయ్యగారూ, ఏటీ అనుకోకండి. నలుగుర్లో మీరు ఎక్కిరించీసినారని ఆ గుంట అనుకుంటన్నాది. మాష్టారు దిద్దినందుకు దానికి కోపం లేదు. మీ మాటకే ఏడిసింది."

మాష్టారు దిద్దినందుకు కోపం లేదు! ఆమెను కాపాడబోయిన నేనే వెక్కిరించినవాణ్నయ్యాను. అర్థం కావడానికి నాకు ఇంటికి వెళ్లేంత సేపు పట్టింది. తాను బాగా చదవలేదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, వెనక బెంచీ వాళ్లకూ తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధాన్ని మైకులో చెబితే వెటకారంలాగే వినిపిస్తుంది. పైగా చప్పట్లు కొట్టించి ఆ నవ్వుకు సంఘం మొత్తాన్నీ జతచేశాను.

నా ఊతపదం

ఆ రాత్రి నా పాత ప్రసంగాల రికార్డింగులు ఫోన్లో విన్నాను. పాట పాడితే అద్భుతం, సాక్ష్యం చెబితే అద్భుతం, ప్రేమవిందులో పప్పుచారు కూడా అద్భుతమే. ఒకే ఆరాధనలో ఏడుసార్లు లెక్కపెట్టి ఆపేశాను. సంఘంలో నా మెప్పుకు విలువ లేకపోవడంలో వింతేముంది?

కౌన్సెలింగ్ శిక్షణలో చదివిన ఒక అధ్యయనం అప్పుడు గుర్తొచ్చింది. 2014లో నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమ్మెల్‌మన్ బృందం పిల్లల చేత బొమ్మలు వేయించింది. కొందరికి అందమైన బొమ్మ వేశావని, కొందరికి నమ్మలేనంత అందమైన బొమ్మ వేశావని చెప్పారు. తేడా ఒక్క మాటే. తమ మీద తమకు నమ్మకం తక్కువున్న పిల్లలు ఆ పెద్ద మెప్పు విన్నాక తేలిక బొమ్మలనే ఎంచుకున్నారు. అంత పేరు నిలబెట్టుకోలేమన్న భయం వాళ్లను వెనక్కి లాగి ఉండొచ్చు. ఇక 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ చేసిన పరిశోధనలో తెలివైనవాళ్లని పేరు పడ్డ పిల్లలు ఆ తర్వాత ఓటమి ఎదురైతే తొందరగా చేతులెత్తేశారు. బాగా కష్టపడ్డారని మెప్పు పొందినవాళ్లు మళ్లీ ప్రయత్నించారు. నేను ఒక్క ఊపులో "అద్భుతం" అన్నాను, "తలాంతు", అంటే దేవుడిచ్చిన ప్రతిభ, అన్నాను. రెండు పొరపాట్లూ చేశానన్నమాట.

అయినా ఇది నెదర్లాండ్స్ నుంచి వచ్చి చెప్పాల్సిన సంగతేం కాదు. "తన పొరుగువానితో ఇచ్చకములాడువాడు వాని పట్టుకొనుటకు వలవేయువాడు" అని సామెతలు 29:5లో ఉంది. ఆ వచనం మీద నేను ప్రసంగం కూడా చేశాను. ఇచ్చకమంటే అప్పు కోసమో ఓటు కోసమో చెప్పేదనుకున్నాను. జాలితో చెప్పే ఇచ్చకం కూడా ఉంటుందని అప్పటికి తట్టలేదు.

నోట్‌బుక్

రెండోసారి వెళ్లినప్పుడు చదువరి ఇంట్లోనే ఉంది. నేను చెప్పాలనుకున్నది ముందే కాగితం మీద రాసుకున్నాను, లేకపోతే నోటికి మళ్లీ అద్భుతమే వస్తుందని భయం.

"ఆ రోజు నువ్వు బాగా చదవలేదమ్మా. బాగా చదివావని నేను అబద్ధం చెప్పాను. తప్పు నాది."

ఆమె తల వంచుకునే ఉంది. తల్లి మాత్రం కంగారుపడింది, పాస్టరుగారు క్షమాపణ అడగడమేమిటని. అంతలో నా భార్య కిటికీలో ఒడియా పుస్తకాల కింద ఉన్న నోట్‌బుక్ చూసి, "ఇదేనా ఆ రోజు తెచ్చింది?" అని అడిగింది. ఇవ్వడానికి చదువరి కాసేపు తటపటాయించింది.

తెరిస్తే పేజీల నిండా ఒడియా అక్షరాలు. ఒడియా మాటలు మాత్రం కావు. యెషయా 40 మొత్తం, 31 వచనాలూ, తెలుగు మాటలు ఒడియా లిపిలో. నేను చదవమన్నది నాలుగు వచనాలే. అధ్యాయమంతా ఎందుకు రాశావంటే, "ముందు ఏటుందో తెలియకుండా ఎలా సదవడం?" అంది.

నేను ఇంకేమీ మెచ్చుకోలేదు, ఇదెలా రాశావో చెప్పమన్నాను. అరగంట చెప్పింది. నాలుగేళ్లుగా ఎరిగిన పిల్ల అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

తల్లిది పాతపట్నం, ఏడో తరగతి దాకా తెలుగు బడి. శనివారం రాత్రి పిండి రుబ్బడం అయ్యాక తల్లి బైబిలు పైకి చదువుతుంటే కూతురు విన్నది విన్నట్టు ఒడియాలో రాసుకుంటుంది. చిక్కల్లా అక్షరాలతోనే. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒకటే. ఒ, ఓ కూడా అంతే. మనకు "ఎరుగు" వేరు, "ఏరు" వేరు. మరెలా? ఒడియాలో డ కింద చుక్క పెడితే వేరే శబ్దం వస్తుంది. ఆ చుక్కను అరువు తెచ్చుకుని పొట్టి ఎ పలికే ప్రతి అక్షరం కింద పెట్టింది. పొట్టి ఒకి రెండు చుక్కలు. ఇది ఎవరూ నేర్పింది కాదు. మామూలు ఒడియా రాతలో బ, వ రెండిటికీ ఒకటే అక్షరం. ఇంట్లో నెమ్మదిగా చదువుకుంటే ఏది బ, ఏది వ అన్నది ఆమెకు తెలుస్తుంది. నలుగురిలో నిలబడి కంగారుపడితే కంటికి కనిపించిందే నోటికి వస్తుంది. "నీబు బినలేదా" వచ్చింది అందుకే.

యోహాను మొదటి అధ్యాయంలో నతనయేలును చూసి యేసు, "ఇదిగో యితడు నిజముగా ఇశ్రాయేలీయుడు, ఇతనియందు ఏ కపటమును లేదు" అంటాడు. నన్ను నువ్వెలా ఎరుగుదువని నతనయేలు అడుగుతాడు. అంజూరపు చెట్టు కింద ఉన్నప్పుడే నిన్ను చూశానని జవాబు. ఈ భాగం మీద ఎన్నిసార్లు మాట్లాడి ఉంటానో! చూడటం ముందు, మాట తర్వాత. నేను చదువరి గురించి ఏమీ చూడకుండానే మైకు పట్టుకున్నాను. ఆమె అంజూరపు చెట్టు శనివారం రాత్రి పిండి రుబ్బే రోలు పక్కన ఉంది.

వెళ్లేముందు ఒక్క మాట చెప్పాను. "పొట్టి ఎకి చుక్క పెట్టాలన్న ఆలోచన బాగుంది. ఒక్క చోట కూడా మర్చిపోకుండా పెట్టావు. నేనైతే రెండో పేజీకే విసిగిపోయేవాణ్ని." ఆమె నవ్వలేదు. నోట్‌బుక్ తిరిగి తీసుకుని ఆ పేజీ మరోసారి చూసుకుంది. తల్లి గబగబా వచ్చి కూతురి తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. దిష్టి! మా సంఘంలో బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్లయినా పిల్లల్ని మెచ్చుకుంటే మెటికలు విరిచే తల్లులున్నారు. ముఖం మీద పొగిడితే ఆయుష్షు తగ్గుతుందనే మాటా ఉంది. మెప్పు మన ఊళ్లలో అరుదుగా వినిపించడానికి ఇదొక కారణం. ఆ రోజు మాత్రం నేను దాని మీద బోధ మొదలుపెట్టలేదు. ఆమెకు తెలిసిన పద్ధతిలో అది కూతుర్ని కాపాడుకోవడం.

హెచ్చరిక

మాష్టారి దగ్గరికి వెళ్లేముందు ఒక మాట గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయనకూ నాకూ వాదన దాని మీదే.

అపొస్తలుల కార్యములు 4:36లో బర్నబా అనే పేరుకు మన తెలుగు బైబిలు "హెచ్చరిక పుత్రుడు" అని అర్థం చెబుతుంది. హెబ్రీ 10:25లో "ఒకనినొకడు హెచ్చరించుచు" అని ఉంది. ఈ రోజుల్లో హెచ్చరిక అంటే తుపాను హెచ్చరిక, ప్రమాద హెచ్చరిక. అందుకే మా పెద్దలు ఒకరినొకరు హెచ్చరించుకోవడమంటే ఒకరినొకరు మందలించుకోవడమనే అనుకున్నారు, ఆ పని నమ్మకంగా చేస్తూ వచ్చారు. గ్రీకులో బర్నబా పేరు దగ్గరున్న మాట పరాక్లేసిస్, హెబ్రీ పత్రికలో ఉన్నది దాని క్రియారూపం. పక్కన నిలబడి ధైర్యం చెప్పడం, ఓదార్చడం, ముందుకు నడిపించడం, అవసరమైతే బుద్ధి చెప్పడం, అన్నీ అందులో ఉన్నాయి. యోహాను 14లో పరిశుద్ధాత్మను "ఆదరణకర్త" అన్నచోట ఉన్న పరాక్లేతోస్ కూడా అదే కుదురు నుంచి వచ్చింది. అంటే బర్నబాను ఆదరణ పుత్రుడని కూడా అనొచ్చు. అంతకుముందు విశ్వాసులను హింసించిన సౌలును యెరూషలేములో చూసి అందరూ భయపడుతుంటే చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే. అక్కడ బర్నబా సౌలు గొప్పవాడని చెప్పలేదు. దారిలో ప్రభువును ఎలా చూశాడో, దమస్కులో ఎలా ధైర్యంగా బోధించాడో, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

మాష్టారు ఇది విని, "అయితే దిద్దడం మానేయమంటారా?" అన్నారు. మానొద్దన్నాను. నిజంగానే మానకూడదు. చదువరి ఆయన మీద కోపం తెచ్చుకోలేదని చెప్పాను కదా. "ఆయన సెప్పింది నిజమే గదా" అంది ఒకసారి. ఉత్త మెప్పు కన్నా నిజమైన దిద్దుబాటే ఆమెకు గౌరవంగా తోచింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉన్న సంగతి ఇదే, ఇప్పటికీ.

మాష్టారు

చదువరి అనుమతితో నోట్‌బుక్ ఆయనకు ఇచ్చాను. మెచ్చుకోమని అడగలేదు. చెప్పించిన మెప్పు ఎలాంటిదో నాకు తెలిసొచ్చింది. "ఇది చూడండి, మీకు ఒడియా లిపి వచ్చు కదా" అన్నాను, అంతే.

నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఐదో రోజు సాయంత్రం ఆయనే వాళ్లింటికి వెళ్లారు. నేను అప్పుడు అక్కడ లేను. తల్లి చెప్పిందాన్ని బట్టి రాస్తున్నాను. మొదట మూడు తప్పులు చూపించారట. ఒకటి భలే తప్పు. "పడెను" అన్నచోట డ కింద ఆమె చుక్క పెడితే అది పొట్టి ఎ అవుతుందా, ఒడియా వాళ్ల చుక్క డ అవుతుందా? ఆమెకు నోట మాట రాలేదట. మరొకటి, "శక్తి" అని ఉండాల్సినచోట అంతటా "సక్తి". "ఈ తప్పు నీది కాదు, మీ అమ్మది" అన్నారట. తల్లి ఆ మాట చెబుతూ పడీ పడీ నవ్వింది.

ఆ తర్వాత ఆయన అన్న మాట ఇది: "అమ్మా, గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉండి సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి సవరలకు లిపి లేదు. ఒక భాష శబ్దాలకు వేరే భాష అక్షరాలు ఎలా సరిపెట్టాలా అని ఆయన ఎన్నేళ్లు తలబద్దలు కొట్టుకున్నారో! అందులో చిన్న ముక్క నువ్వు వంటింట్లో కూర్చుని చేశావు. ఇన్నేళ్ల పంతులుద్యోగంలో నాకు ఆ చుక్క తట్టలేదు."

పర్లాకిమిడి పిల్లకు గిడుగు పేరు ఎత్తి చెప్పడమంటే ఏమిటో తెలుగు భాషా దినోత్సవం రోజు మాత్రమే ఆయన్ని తలుచుకునే వాళ్లకు చెప్పడం కష్టం. అయినా మాటకు బరువు గిడుగు పేరు వల్ల రాలేదని నా ఉద్దేశం. మూడు తప్పులు పట్టినాయన ఒక ఒప్పు పట్టాడు, బరువు అక్కడ ఉంది. సామెతలు 25:11లో "సమయోచితముగా పలుకబడిన మాట చిత్రమైన వెండి పళ్లెములలో నుంచబడిన బంగారు పండ్లవంటిది" అని చదువుతాం. ఆయన పళ్లెం కూడా తెచ్చుకున్నారు, నేను మైకులోంచి పండు విసిరాను.

ఆరో ఆదివారం తల్లీకూతుళ్లు వచ్చారు. వెనక వరుసలో కూర్చున్నారు. ఎవరినీ వాళ్లను పలకరించమని పురమాయించలేదు.

చెడిపోయిన ప్రయోగం

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. దీన్ని సంఘమంతటికీ పాకించాలని యువకుల కూడికలో చీటీల కార్యక్రమం పెట్టాను. ప్రతివాళ్లూ ముగ్గురికి ఒక్కో మెచ్చుకోలు రాసి డబ్బాలో వేయాలి. వచ్చినవి: మీరు మంచివారు. నీ నవ్వు బాగుంటుంది. మీ పాట అద్భుతం (ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు). ఒకబ్బాయి ముగ్గురికీ ఒకే వాక్యం రాశాడు. కూడికలో బెంచీలు సర్దే ఒక కుర్రాడికి ఒక్క చీటీ కూడా రాలేదు. అందరూ తమ చీటీలు విప్పుకుంటుంటే అతను చాపలు చుట్టడం మొదలుపెట్టాడు. పొగడ్తలు పంచే కార్యక్రమంలో ఎవరికి పొగడ్త దక్కలేదో అందరి ముందూ బయటపడింది. రెండో వారం డబ్బా తీసేశాను.

దాని బదులు ఒక పని నాకు నేనే పెట్టుకున్నాను. రోమా 16లో పౌలు పంపిన వందనాల జాబితా మనం సాధారణంగా ప్రసంగానికి పనికిరాదని దాటేస్తాం. దగ్గరగా చూస్తే చాలామంది పేరు పక్కన ఒక నిజం ఉంటుంది. "మీకొరకు బహుగా ప్రయాసపడిన మరియ". రూఫు తల్లి గురించి, ఆమె నాకును తల్లి అంటాడు. ఎవరు ఏం చేశారో ఆయనకు తెలుసు. నేను చిన్న పుస్తకం ఒకటి కొని, ఇళ్లు తిరిగినప్పుడు చూసిన పనిని రాసుకోవడం మొదలుపెట్టాను. చెప్పాలనుకున్న మాట రెండు రోజులు పుస్తకంలోనే ఉంచుతాను. అప్పటికీ నిజమనిపిస్తే ఆ మనిషికే, వీలైతే ఒంటరిగా ఉన్నప్పుడు చెబుతాను. ఎవరినైనా సాయం అడగాల్సి ఉన్న వారం వాళ్లను మెచ్చుకోను. ఈ చివరి నియమం మా కోశాధికారి విషయంలో నాకు చాలా కష్టమైంది.

మొదటి పేజీలో రాసుకున్నది చదువరి తల్లి గురించి. తెల్లవారుజామున లేచి ఇడ్లీ పెట్టాల్సిన మనిషి శనివారం రాత్రి కూతురి కోసం అధ్యాయమంతా పైకి చదువుతుంది. ఈ మాట ఆమెకు చెప్పినప్పుడు, "సదవకపోతే నాకూ మర్సిపోతాది గదా అయ్యగారూ" అని తేలిగ్గా తీసేసింది. ఈసారి మెటికలు విరవలేదు. ఆ వారం నుంచి నా భార్యకు గారెలు రెండు ఎక్కువ పెడుతోంది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో చెప్పలేను.

ఇప్పటి పరిస్థితి

చదువరి మూడు వారాలకోసారి చదువుతోంది. తడబాటు పూర్తిగా పోలేదు. వకి ఇప్పుడు అక్షరం మీద అడ్డగీత పెడుతోంది. పొట్టి ఎ చుక్కను అక్షరం పక్కన చిన్న గీతగా మార్చింది. శనివారం సాయంత్రాలు మాష్టారు ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నారు. ఆమెను చూసి మరో ఇద్దరు చేరారు. మాష్టారు ఇప్పటికీ కూర్చున్నచోటి నుంచే దిద్దుతారు, గొంతు మాత్రం కాస్త తగ్గింది. నేను మెచ్చుకుంటే ఆమె ఇంకా నా ముఖంలోకి ఒక క్షణం అనుమానంగా చూస్తుంది. అది పోవడానికి చాలా కాలం పడుతుంది, పట్టనీ.

బెంచీలు సర్దిన ఆ కుర్రాడు చీటీల రోజు తర్వాత కూడికకు రావడం మానేశాడు. ఒకసారి ఫోన్ చేసి, "నువ్వు చేసే పని దేవుడు చూస్తున్నాడు తమ్ముడూ" అన్నాను. "సరే అయ్యగారూ" అని పెట్టేశాడు. ఆ మాట అబద్ధం కాదు గానీ అందులో నేను చూసింది ఏమీ లేదు. అతను బస్టాండు దగ్గర పంక్చర్ షాపులో పనిచేస్తాడని తర్వాత తెలిసింది. నా సైకిలు వెనక చక్రం రెండు రోజుల నుంచి గాలి నిలవట్లేదు. గురువారం అక్కడికి తీసుకెళ్లి, అతను ట్యూబు విప్పి నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతుంటే పక్కన కూర్చోవాలని ఉంది.